గ్రాఫిక్స్ కార్డూ, తైవానూ

సూర్యాపేట

మేనల్లుడా,

మొన్న సంక్రాంతికి వచ్చినప్పుడు సకినాలు నములుతూ మీ పెదనాన్నతో ఒక మాటన్నావు. "తైవాన్‌ని చైనా తీసుకుంటే మనకేం పోయింది?" అని. ఆ మాట అని పావుగంటైనా కాలేదు, నా పక్కన చేరి "మామా, గ్రాఫిక్స్ కార్డుకి ముప్పై వేలు సర్దుతావా?" అన్నావు. పండగపూట వాదనెందుకని ఊరుకున్నా. ఇప్పుడు నా ఫోన్ రిపేరు షాపులో బేరం లేదు, తీరిగ్గా రాస్తున్నా.

నువ్వడిగిన కార్డు మీద ఎన్విడియా పేరుంటుంది. అది 1993లో కాలిఫోర్నియాలో పుట్టిన కంపెనీ. కానీ చిప్పు తనే తయారు చెయ్యదు, డిజైన్ గీసిస్తుంది. తయారుచేసేది తైవాన్‌లో ఉన్న టీఎస్ఎంసీ. (30 సిరీస్ కార్డులైతే కొరియాలో శాంసంగ్ చేసింది. నువ్వెలాగూ ఎత్తిచూపిస్తావని ముందే చెప్తున్నా.) చిప్పు మీద అతి సన్నటి గీతల్ని వెలుతురుతో అచ్చువేసే యంత్రాలు చేసేది ప్రపంచం మొత్తం మీద ఒక్కటే కంపెనీ, నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్. ఆ టీఎస్ఎంసీ ఉన్న తైవాన్‌కీ చైనా తీరానికీ మధ్య సముద్రం ఇరుకైన చోట సుమారు 130 కిలోమీటర్లు. నువ్వు ఇక్కడ బస్సెక్కి హైదరాబాదులో దిగేంత దూరం. ఆ నీళ్లలో ఓడలు ఒక్క నెల ఆగితే నీ కార్డు మాట దేవుడెరుగు, నా షాపుకి స్పేర్లు కూడా రావు.

2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్ మీద పడ్డప్పుడు కూడా "ఎక్కడి యుద్ధమో" అనుకున్నాం. చిప్పుల తయారీలో వాడే లేజర్లకి నియాన్ వాయువు కావాలి. చిప్పులకి పనికొచ్చేంత శుద్ధమైన నియాన్‌లో దాదాపు సగం ఉక్రెయిన్‌లోని మారియుపోల్, ఒడెసా ఊళ్ల నుంచే వచ్చేదని లెక్కగట్టారు. మారియుపోల్ ఏమైందో నువ్వు టీవీలో చూశావు.

నిన్నొక్కణ్ణే అనడం లేదు అల్లుడా. నా సంగతీ విను. 2020 జూన్ 15 రాత్రి గల్వాన్‌లో చైనా సైన్యంతో ఘర్షణలో మన జవాన్లు 20 మంది పోయారు. వాళ్లలో మన సూర్యాపేట బిడ్డ కల్నల్ సంతోష్ బాబు ఉన్నాడు. ఊరంతా ఏడ్చింది. జూన్ 29న టిక్‌టాక్‌తో కలిపి 59 చైనా యాప్‌లు నిషేధించారు, సెప్టెంబర్ 2న మరో 118. రెండో జాబితాలో నువ్వాడే పబ్జీ ఆట ఉంది. నువ్వు ఒక పూట అన్నం మానేశావు, గుర్తుందా? నేనేమో అంతకు ముందే షాపు గుమ్మానికి అట్ట కట్టా: "చైనా ఫోన్లు బాగుచేయబడవు" అని. మూడు వారాలకి నేనే విప్పేశా. కొరియా పేరున్న ఫోను విప్పినా, అమెరికా పేరున్నది విప్పినా, వెనకాల "మేడ్ ఇన్ ఇండియా" అని రాసున్నది విప్పినా, బ్యాటరీ మీదో ఛార్జింగ్ పట్టీ మీదో చైనా అక్షరాలే. నా చేతిలో ఉన్న సోల్డరింగ్ ఐరనూ అక్కడిదే. కోపం తప్పని ఇప్పటికీ అనను. అట్ట మాత్రం ఫోన్ల డాక్టర్ననిపించుకునే నేను లోపల ఏముందో మర్చిపోయి కట్టింది.

నీ పబ్జీ కథ ఇంకా తమాషా. ఆట కొరియాది. దాని ఫోన్ వెర్షన్‌ని ఇక్కడ నడిపింది చైనా కంపెనీ టెన్సెంట్. నిషేధం పడ్డాక కొరియా కంపెనీ క్రాఫ్టన్ టెన్సెంట్‌ని పక్కనపెట్టి 2021 జూలైలో బీజీఎంఐ అని పేరు మార్చి తెచ్చింది. 2022 జూలైలో అదీ పోయింది, 2023 మే నెలలో మళ్లీ వచ్చింది. పోయినప్పుడల్లా సర్కారు చెడ్డదన్నావు, వచ్చినప్పుడల్లా మంచిదన్నావు. ఇంత పెద్ద దేశం గురించి నీ అభిప్రాయాన్ని ఒక ఆట చేతిలో పెట్టకు.

ఆటల మాటొచ్చింది కనుక, ఫోన్లో ఆడే పందెం రమ్మీ గురించి మాత్రం వాదన లేదు. మన రాష్ట్రం 2017లోనే వద్దంది, 2025లో కేంద్రమూ చట్టం చేసింది. చట్టం లేకపోయినా నేను వద్దనేవాణ్ణి. ఐఫోనా ఆండ్రాయిడా అని రూంలో పోట్లాడుకోవడం కూడా మానెయ్. రెండింట్లో ఏ కంపెనీ కూడా నీకు జీతమివ్వడం లేదు.

మాట్లాడొద్దని మాత్రం అనను. మీ వయసులో మేమూ షాపు బల్ల మీద కూర్చుని గోర్బచేవ్‌కి సలహాలిచ్చినవాళ్లమే. ఆ మాట్లాడేదేదో నీ చేతిలో ఉన్న వస్తువు దగ్గర మొదలుపెట్టు. ఇది ఎక్కడిది, ఎవరు చేశారు, ఏ దారిన వచ్చిందని అడుగు. తైవాన్ మీద అప్పుడు కూడా నీ మాట అదే అయితే సరే, కూర్చుని వింటా.

కార్డుకి సగం డబ్బు నేనిస్తా. మిగతా సగం వేసవిలో షాపులో కూర్చుని సంపాదించుకో. వచ్చేటప్పుడు నువ్వు పబ్జీ ఆడిన ఆ పాత ఫోను పట్టుకురా, విప్పి ఏ ముక్క మీద ఏ దేశం పేరుందో ఇద్దరం చూద్దాం. పెదనాన్నకి ఒకసారి ఫోన్ చెయ్యి, ఆయన ఇంకా అలిగే ఉన్నాడు.

ఇట్లు,
మీ మామ