పౌరహక్కులు – నేర న్యాయం: పరీక్షకు ముందు ఒక చూపు

దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్లలో పాలిటీ చదివేవారు ఈ అంశాన్ని అధికరణలతో ఆపేస్తారు. ప్రశ్న మాత్రం సంస్థలు, తీర్పుల మీదా రావచ్చు.

ఆంధ్రప్రదేశ్ పౌరహక్కుల సంఘం (ఏపీసీఎల్‌సీ): 1974. తొలి అధ్యక్షుడు శ్రీశ్రీ. న్యాయవాది కె.జి. కన్నబిరాన్ తర్వాత అధ్యక్షులు. పీయూసీఎల్ (పీపుల్స్ యూనియన్ ఫర్ సివిల్ లిబర్టీస్) జాతీయ అధ్యక్షులుగానూ పనిచేశారు. కె. బాలగోపాల్: సంఘం ప్రధాన కార్యదర్శి, 1998లో ఏర్పడిన మానవ హక్కుల వేదికలో ముఖ్యులు. సంఘాన్నీ వేదికనూ తారుమారు చేయకండి.

తప్పక గుర్తుంచుకోండి: 2009 ఫిబ్రవరి 6, ఏపీసీఎల్‌సీ కేసు. ఐదుగురు న్యాయమూర్తుల ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ధర్మాసనం ఎన్‌కౌంటర్ మరణాల్లో పోలీసులపై ఎఫ్ఐఆర్ నమోదు చేయాలంది. ఆత్మరక్షణ వాదన విచారణలో తేలాల్సిందే. సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. 2014 సెప్టెంబర్ 23న పీయూసీఎల్ కేసులో సుప్రీంకోర్టే 16 మార్గదర్శకాలిచ్చింది: ఎఫ్ఐఆర్, స్వతంత్ర దర్యాప్తు, మేజిస్టీరియల్ విచారణ. వరుసక్రమంగా అడగదగిన జంట ఇది.

అధికరణలు: 21 – జీవించే హక్కు. 22(1) – అరెస్టు కారణం, న్యాయవాది. 22(2) – 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందుకు. ప్రయాణ సమయం మినహాయింపు. 39ఏ – ఉచిత న్యాయ సహాయం, 42వ సవరణ, 1976.

న్యాయ సేవల సంస్థల చట్టం: 1987, అమలు 1995 నవంబర్ 9. ఎల్‌బీనగర్‌లోని రంగారెడ్డి జిల్లా కోర్టుల వద్ద జిల్లా సంస్థను చూడొచ్చు. మహిళలు, ఎస్సీ, ఎస్టీలు, కస్టడీలో ఉన్నవారికి ఆదాయ పరిమితి వర్తించదు. చాలామంది తప్పు చేసేది ఇక్కడే.

కొత్త చట్టం బీఎన్‌ఎస్‌ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), అమలు 2024 జూలై 1: సెక్షన్ 38 – పోలీసు విచారణలో న్యాయవాదిని కలవడం, 341 – ప్రభుత్వ ఖర్చుతో న్యాయవాది, 479 – విచారణ ఖైదీల విడుదల, గతంలో ఏ నేరంలోనూ దోషిగా తేలనివారైతే గరిష్ఠ శిక్షలో మూడో వంతు గడిపితే చాలు.