బలంలో సగం

శరీరాన్ని నిలబెట్టే మూడు ఉపస్తంభాలలో ఆహారం తరువాత నిద్రను పేర్కొన్నది చరక సంహిత. పరీక్షలు సమీపించగానే ఇంటర్మీడియట్ విద్యార్థులు మొట్టమొదట కదిలించేది ఆ స్తంభాన్నే. కౌమారంలో రోజుకు 8 నుండి 10 గంటల నిద్ర అవసరమని నేటి వైద్యులు చెబుతున్నారు. పగలు చదివినది మనస్సులో స్థిరపడటానికి రాత్రి నిద్రే తోడ్పడుతుంది. కనుక తెల్లవార్లూ మేల్కొని చదివినవారు పోగొట్టుకొనేది తక్కువేమీ కాదు.

తరువాత బలి అయ్యేది ఆట. 5 నుండి 17 ఏళ్ళ వయస్సువారికి దినానికి సగటున 60 నిమిషాల శారీరక శ్రమ ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించింది. అయితే అతి పనికిరాదు. బలంలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుత సంహిత చెబుతున్నది. నోటితో ఊపిరి తీయవలసి వచ్చిందంటే సగం బలం ఖర్చయినట్లే. ఎవరి హద్దును వారి శ్వాసే తెలుపుతుంది. ఇంతకన్న చక్కని కొలమానం ఏముంటుంది!

ఇక సాయంకాలపు ఆకలి. రాత్రి నానవేసిన శనగలను ఉడికించి, ఆవాలు, ఎండుమిరప, కరివేపాకుతో తాలింపు వేస్తే గుగ్గిళ్ళు సిద్ధం. మాంసకృత్తులూ, పీచూ అందులోనే ఉన్నాయి. అంగడిలో దొరికే ఉప్పు వేపుళ్ళ పొట్లానికి ఆ గుణం లేదు. వేయించిన మినుముల పిండిలో బెల్లం, నెయ్యి కలిపి చుట్టిన సున్నుండల సంగతి వేరు. వాటి బలం గొప్పది. అరిగించుకోవడానికి శ్రమా కావాలి. అందుకే ఆడి అలసి వచ్చిన మనుమడికి రెండు పెట్టిన అమ్మమ్మ, రోజంతా కూర్చొని ఉన్నవాడికి ఒకదానితో సరిపెడుతుంది.