గాలిమర వెనుక గాలి

గాలిమర గాలి నుంచి విద్యుత్తు తీస్తుందని హైస్కూలు పిల్లవాడు కూడా చెబుతాడు. మరి రెక్కలు దాటిన తరువాత ఆ గాలి ఏమవుతుంది?

శక్తి ఊరికే రాదు కదా! మరకు శక్తినిచ్చిన గాలి వేగం తగ్గి, సుడులు తిరుగుతూ సాగిపోతుంది. పడవ వెనుక నీటిలో చాలు ఏర్పడినట్లే ఇదీను. ఇంజనీర్లు దీనిని 'వేక్' అంటారు. మనం 'గాలిచాలు' అందాం. మామూలుగా కంటికి కనిపించదు గనుక దీనిని లెక్కతో పట్టుకోవాలి.

1983లో డెన్మార్కులోని రీసో జాతీయ ప్రయోగశాలకు చెందిన ఎన్. ఓ. జెన్సెన్ ఇందుకొక సులువైన పద్ధతి చూపాడు. గాలిచాలు వెనక్కు పోయేకొద్దీ వెడల్పవుతుంది. చుట్టూ ఉన్న గాలి వచ్చి కలవడంతో వేగం మెల్లగా కోలుకుంటుంది. ఇదే అందులోని కీలకం.

ఒక ఉదాహరణ చూద్దాం. డెన్మార్కు తీరాన సముద్రంలో 2002లో నెలకొల్పిన హార్న్స్ రెవ్ క్షేత్రంలో 80 మరలున్నాయి. ఒక్కొక్క రెక్కల చక్రం వ్యాసం 80 మీటర్లు; వరుసలో మరకూ మరకూ దూరం 560 మీటర్లు. వరుస వెంబడే గాలి సెకనుకు 10 మీటర్ల వేగంతో వీస్తోందనుకుందాం. త్రస్ట్ గుణకం 0.8గా తీసుకుందాం.

1 లోంచి 0.8 తీసివేసి వర్గమూలం కడితే 0.447. దీనిని 1 లోంచి తీసివేస్తే 0.553. ఇది మర వెంటనే వేగంలో పడే లోటు. సముద్రం మీద వ్యాప్తి గుణకం 0.04 అనుకుంటే, 560 మీటర్లు పోయేసరికి చాలు వ్యాసం 124.8 మీటర్లవుతుంది. 80ని 124.8తో భాగించి వర్గం చేసి, 0.553తో గుణిస్తే లోటు 0.227. అంటే రెండో మరకు చేరే గాలి వేగం 7.73 మీటర్లు.

"ఇంతేనా" అనుకోకండి! గాలిలోని శక్తి వేగం ఘనాన్ని బట్టి మారుతుంది. 0.773 ఘనం 0.46. రెండో మరకు అందే శక్తి సగం కూడా లేదన్నమాట! నేల మీద గాలి కల్లోలం ఎక్కువ కనుక అక్కడ గుణకం 0.075 వాడతారు. అప్పుడు సుమారు 0.65 అందుతుంది. గాలి ఏడాది పొడుగునా ఒకే దిక్కున వీయదు కాబట్టి సగటు నష్టం ఇంత ఉండదు.

ఈ లెక్కకు స్ప్రెడ్‌షీటు సరిపోతుంది. దూరం, దిక్కు మార్చి మార్చి వేసి చూడండి. పునాది పోశాక మరను జరపలేం గదా! తప్పుచోట నిలబెడితే ఆ నష్టం ఏళ్ళ తరబడి భరించవలసిందే.

ఇంకొక మాట. ఈ సూత్రం చదునైన చోటుకు చెప్పినది. మన రామగిరి వంటి కొండల మీద గాలి నేల ఎగుడుదిగుళ్ళను బట్టి వంగుతుంది. కంప్యూటరు ఒక అంకె ఇచ్చినప్పుడు, అది ఏ ఊహల మీద వచ్చిందో అడగడం విద్యార్థి నేర్వవలసిన మొదటి పాఠం.