పిల్లల పీనసరోగము: శస్త్రచికిత్స ఎప్పుడు అవసరము?

2016లో ప్రత్యేక మండలమైన మొగుడంపల్లి గ్రామములలో ఏ పాఠశాలకు పోయినను, నోటితో గాలి పీల్చు బాలురు ఒకరిద్దరైనను కనిపించవచ్చును. సామాన్యమైన పడిశము పదిదినములలో తగ్గును. ముక్కుదిబ్బడ, చిక్కని చీమిడి, దగ్గు 12 వారములు దాటినచో అది దీర్ఘకాలిక సైనస్ వ్యాధి కావచ్చును.

దీనికి శస్త్రచికిత్స మొదటి మెట్టు కాదు. కాచి చల్లార్చిన ఉప్పునీటితో ముక్కు కడుగుట, వైద్యుడిచ్చు మందులు వాడుట ముందు జరుగవలెను. పెక్కుమందికి వీటితోనే గుణము కలుగును.

గుణము లేనిచో, చిన్నపిల్లలకు సాధారణముగా ముక్కు వెనుక పెరిగిన అడినాయిడు కండను తొలగింతురు. ఏలయన, సూక్ష్మజీవులు అందు దాగి మరల మరల వ్యాధిని కలిగించును. అప్పటికిని తగ్గనివారికి ముక్కులోనికి సన్నని దుర్భిణి గొట్టమును పంపి సైనస్ ద్వారములను వెడల్పు చేయుదురు. ముఖముపై కోత యుండదు.

కంటిచుట్టు వాపు, చూపు మందగించుట, వాంతులతో కూడిన తీవ్రమైన తలనొప్పి కనిపించినచో ఆలస్యము ప్రమాదకరము. నాడే ఆసుపత్రికి చేర్చవలెను. ఒక్క రంధ్రమునుండియే దుర్వాసనగల చీము వచ్చినచో లోపల గింజయో పూసయో ఇరికియుండవచ్చును. పుల్లతో తీయరాదు.

పంచాయతీ సభ్యులు ఉపాధ్యాయుల సాయముతో ఇట్టి పిల్లలను గుర్తించి జహీరాబాదు ప్రభుత్వ ఆసుపత్రికి పంపింపవలెను. పై చికిత్సకు హైదరాబాదు కోఠీలో ప్రభుత్వ చెవి, ముక్కు, గొంతు ఆసుపత్రి కలదు. పొయ్యిపొగ, బీడీపొగ పిల్లలకు సోకకుండ చూచుట ప్రతి యింటివారి విధి.