సలేశ్వరం నీళ్లు తాగొచ్చా?

ప్రశ్న: చైత్ర పౌర్ణమికి సలేశ్వరం జాతరకు వెళ్తున్నాం. అక్కడి నీళ్లు సీసాల్లో తెచ్చి పిల్లలకు తాగించవచ్చా? (ఒక పాఠకురాలు, టోలిచౌకి)

జవాబు: తెచ్చుకోండమ్మా, కాచకుండా మాత్రం తాగించకండి. తీర్థంగా చెంచాడు పోసినా అదే మాట. నల్లమల బండల మీంచి జారే నీరు తేటగానే ఉంటుంది. కానీ ఎగువన ఏ జంతువు దిగిందో, జాతరలో ఎందరు మునిగారో కంటికి తెలియదు. అందుకే గుండంలో ముంచకుండా ధార కిందే పట్టండి. ఇంట్లో శుభ్రమైన బట్టతో వడకట్టి, తెర్లడం మొదలయ్యాక కనీసం ఒక నిమిషం మరగనివ్వండి. క్రిములు చస్తాయి. ఫ్లోరైడ్ లాంటివి ఉంటే మాత్రం కాచినా పోవు.

దారిలో తాగడానికి ఇంటి నీళ్లే మోసుకెళ్లండి. ఎండాకాలం, రాళ్ల దారి. లోయలోకి దిగేటప్పటి హుషారు ఎక్కేటప్పుడు ఉండదు! ఖాళీ సీసాలు వెనక్కి తెచ్చేయండి, అది అమ్రాబాద్ పులుల అడవి.