నిమ్మచెట్టుకు ఎరువు: ముందు ఆకును చదవండి

మన బ్యాంకు కుటుంబాల్లో పెరట్లోనో, బాల్కనీ కుండీలోనో నిమ్మచెట్టు పెంచుకునేవారు చాలామందే ఉన్నారు. బదిలీ అయితే సామానుతో పాటు ఆ కుండీనీ లారీ ఎక్కించేవారూ ఉన్నారు. అంత అపురూపంగా పెంచుకున్న చెట్టు ఆకులు పసుపెక్కగానే మొదట్లో గుప్పెడు యూరియా చల్లేస్తుంటారు. ఆకు పసుపెక్కడానికి కారణాలు చాలా ఉంటాయి. యూరియా తీర్చేది వాటిలో ఒక్కదాన్నే. పైగా కుండీలో ఆ గుప్పెడు ఎరువే మూడు నాలుగేళ్ల చెట్టును కొద్ది రోజుల్లో ఎండబెట్టగలదు.

ఏ ఆకు పసుపెక్కింది?

నత్రజని, మెగ్నీషియం తగ్గినప్పుడు చెట్టు వాటిని ముదురు ఆకుల నుంచి తీసి చిగుళ్లకు పంపుతుంది. అందుకే వీటి లోపం ముందు ముదురు ఆకుల్లో కనిపిస్తుంది. ఇనుము, జింకు అంత తేలికగా కదలవు. వాటి లోపం లేత ఆకుల్లోనే బయటపడుతుంది.

• ముదురు ఆకు మొత్తం ఒకే తీరుగా పాలిపోతే నత్రజని లోపం.
• ముదురు ఆకు అంచులు పసుపెక్కి, తొడిమ వైపు ఆకుపచ్చ రంగు బాణం మొనలా మిగిలితే మెగ్నీషియం లోపం.
• లేత ఆకు పసుపెక్కి, ఈనెలు మాత్రం పచ్చగా ఉంటే ఇనుము లోపం.
• లేత ఆకులు చిన్నగా, సన్నగా వచ్చి ఈనెల మధ్య పసుపు మచ్చలు పడితే జింకు లోపం.
• మట్టి తడిగానే ఉన్నా చెట్టు వాడిపోతుంటే వేరు దెబ్బతిన్నట్లు అనుమానించాలి. అప్పుడు ఏ ఎరువూ వేయకూడదు. కుండీ అడుగు రంధ్రం మూసుకుపోయిందేమో చూడాలి.

సున్నం ఎక్కువగా ఉన్న నేలల్లో, అలాంటి బోరు నీరు పోసే కుండీల్లో ఇనుము, జింకు మట్టిలో ఉన్నా వేళ్లకు అందవు. అలాంటప్పుడు ఆకులపై పిచికారీ చేయడం మేలు. జింకు కోసం లీటరు నీటికి 2 గ్రాముల జింక్ సల్ఫేట్ కలిపి, లేత ఆకులు విచ్చుకున్నాక సాయంత్రం పూట చల్లాలి. ఇలాంటి మట్టిలో కట్టెల బూడిద వేయవద్దు. దాని క్షారగుణం సమస్యను పెంచుతుంది.

ఎంత వేయాలి?

యూరియాలో 46 శాతం నత్రజని ఉంటుంది. అది ఎక్కువైతే మట్టిలోని ఉప్పు గాఢత పెరిగి, వేరు నీటిని పీల్చుకోలేదు. ఆకుల అంచులు మాడడం దీనికి గుర్తు. కాబట్టి ఒకేసారి కాకుండా, రికరింగ్ డిపాజిట్ కట్టినట్లు కొద్దికొద్దిగా వేయాలి.

15 నుంచి 18 అంగుళాల కుండీకి నెలకోసారి రెండు గుప్పిళ్ల వర్మీకంపోస్టు, ఒక గుప్పెడు వేపపిండి చాలు. నత్రజని లోపం స్పష్టంగా ఉంటేనే 5 గ్రాముల యూరియాను 5 లీటర్ల నీటిలో కరిగించి, మట్టి తడిసేంత వరకే పోయండి. ముందురోజు మామూలు నీరు పెట్టి ఉండాలి. పొడి మట్టిలో ఎరువు నీళ్లు పోయకూడదు. మట్టిపై తెల్లటి పొర కనిపిస్తే ఎరువులు ఆపి, అడుగు నుంచి ధారాళంగా కారేదాకా మంచి నీరు పోస్తే పేరుకున్న లవణాలు కొట్టుకుపోతాయి.

పెరట్లోని 4, 5 ఏళ్ల చెట్టుకు జూన్-జూలైలో ఒకసారి, డిసెంబరు-జనవరిలో ఒకసారి 10 కిలోల మాగిన పశువుల ఎరువు, కిలో వేపపిండి వేయవచ్చు. పచ్చి పేడ వద్దు. పోషకాలు పీల్చే సన్నని వేళ్లు నేల పైపొరలోనే ఉంటాయి. కాబట్టి కాండానికి దూరంగా, కొమ్మల నీడ అంచున వేసి పైపైన కలిపి నీరు పెట్టాలి. మొదలు చుట్టూ ఎరువు కుప్ప పోస్తే అక్కడ తేమ నిలిచి కాండం కుళ్లే ప్రమాదం ఉంది.

కాయలు రాకపోతే?

విత్తనం నుంచి పెరిగిన నిమ్మ కాపుకు రావడానికి నాలుగైదేళ్లు పట్టవచ్చు. అంటు మొక్క అంతకంటే ముందే కాస్తుంది. రోజూ ఆరు గంటల ఎండ తగలని చెట్టు ఎంత ఎరువు వేసినా సరిగా కాయదు. నత్రజని మితిమీరితే ఆకులే గుబురుగా పెరిగి పూత తగ్గుతుంది.

చికిత్స చేశాక బాగా పసుపెక్కిన పాత ఆకులు మళ్లీ పచ్చబడలేదని ఎరువు పెంచవద్దు. అవి చాలావరకు కోలుకోవు. తర్వాత వచ్చే చిగురు పచ్చగా, నిండుగా ఉంటే మీ లెక్క సరిపోయినట్లే.