తెఱచిన ద్వారములు

విద్యార్థులారా! మన నల్లకుంటకు సమీపముననే చిక్కడపల్లిలో నగర కేంద్ర గ్రంథాలయము కలదు. అచ్చటికి పోయి చూడుడు. దూరపు జిల్లాలనుండి వచ్చి, అశోక్ నగరులో గదులు అద్దెకు తీసికొని, ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులు బల్లలనిండ కనబడుదురు. వారిలో పెక్కండ్రు గ్రంథాలయపు బీరువాలవైపు పోరు. తమ పుస్తకములను, చేతి ఫోనును వెంట తెచ్చుకొందురు. పాఠము ఫోనులోనే దొరకునపుడు వీరు గ్రంథాలయమునకు రానేల? ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొని ముందునకు పోదము.

ఉన్నత విద్యకు పూర్వమునుండియు మూడు అడ్డంకులు గలవు. అవి ప్రవేశము, వెల, భాష.

మొదటిది ప్రవేశము. కళాశాలలో స్థలము దొరకనివాడు, పగలు కూలికో కొలువుకో పోవువాడు, సంసారభారమున చదువు మానిన స్త్రీ, వీరందఱును విశ్వవిద్యాలయమునకు వెలుపలనే నిలిచిరి. వీరికొఱకు 1982వ సంవత్సరమున మన హైదరాబాదునందు ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయము స్థాపింపబడెను. భారతదేశమున అట్టి విశ్వవిద్యాలయములలో ఇదియే మొదటిది. దీని ప్రథమ ఉపాధ్యక్షులు ఆచార్య జి. రామిరెడ్డిగారు, 1985లో ఢిల్లీయందు నెలకొల్పబడిన ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయమునకును వారే ప్రథమ ఉపాధ్యక్షులైరి. 1991లో హైదరాబాదు సంస్థకు డాక్టరు అంబేద్కరు పేరు పెట్టబడెను. అచ్చుపుస్తకములు, అధ్యయన కేంద్రములలో సెలవుదినపు తరగతులు, రేడియో పాఠములు, ఇవియే దాని తొలి సాధనములు. అనగా యంత్రములకన్న ముందు తెఱువబడినది నియమము. ఈ వరుసను మఱువరాదు.

రెండవది వెల. శాస్త్రజ్ఞుడు ప్రజాధనముతో పరిశోధన చేసి వ్యాసము వ్రాయును. తోటి పండితులు, సాధారణముగా ప్రతిఫలము లేకయే, దానిని పరిశీలింతురు. పిదప ప్రచురణకర్తలు ఆ పత్రికను గ్రంథాలయములకు అధిక మూల్యమునకు అమ్ముదురు. ప్రజల ధనముతో పుట్టిన విద్యను ప్రజలే మరల కొనుట న్యాయమా యని పలువురు ప్రశ్నించిరి. 2002లో బుడాపెస్టు నగరమునుండి వెలువడిన ప్రకటన, అట్టి వ్యాసములు అంతర్జాలమున అందఱికిని ఉచితముగా లభింపవలెనని కోరినది. మన పొరుగుననున్న పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ 2009లో తన పరిశోధనల విషయమున ఈ పద్ధతినే స్వీకరించెను. మన విశ్వవిద్యాలయముల సిద్ధాంతగ్రంథములు ‘శోధ్‌గంగ’ యను భాండారమున వేలకొలది చేరినవి. వానిని ఎవరైనను చదువవచ్చును. 2017లో ఆరంభమైన ‘స్వయం’ పాఠములను ఉచితముగా వినవచ్చును. యోగ్యతాపత్రము కావలెనన్నచో పరీక్షకు రుసుము చెల్లింపవలెను.

అయినను చిక్కు పూర్తిగా తీరలేదు. కొన్ని పత్రికలు చదువరి యొద్ద తీసికొనక, వ్రాయువాని యొద్దనే పెద్ద రుసుమును తీసికొనుచున్నవి. అందువలన చదువుట సులభమైనను, బీద పరిశోధకునకు ప్రచురించుట కష్టమాయెను. మఱియు 2024 నవంబరులో కేంద్ర ప్రభుత్వము ‘ఒకే దేశము, ఒకే చందా’ యను పథకమును అంగీకరించినది. మూడు సంవత్సరములకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, సుమారు 13,000 పత్రికలను ప్రభుత్వ విద్యాసంస్థలకు అందించుట దీని యుద్దేశము. ఇది గొప్ప మేలే. కాని ఇది ఆ సంస్థలలోని వారికే చెందును. చదువు ముగించి, ఏ కళాశాలయందును పేరు లేక, చిక్కడపల్లి బల్లవద్ద కూర్చున్న యువకుడు దీనికి వెలుపలివాడే. చందాతో తెఱచిన ద్వారము కొందఱిది. స్వేచ్ఛగా తెఱచినది అందఱిది. ఈ భేదమును గుర్తింపవలెను.

మూడవది భాష. 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయము ఉర్దూలో ఉన్నత విద్య గఱపి, దేశభాషలలో శాస్త్రము బోధింపవచ్చునని చూపినది. కాని నాటి తెలుగు బాలునకు ఉర్దూయును నేర్వవలసిన భాషయే. నేడు ఉచిత పాఠములలో అధికభాగము ఆంగ్లముననే యున్నది. యంత్రము క్షణములో తెనిగించునుగాని, శాస్త్రపదము తప్పినచో అర్థమే తప్పును. కావున యంత్రానువాదమును సరిచూచు తెలుగు పండితులును, శాస్త్రము తెలిసిన తెలుగు రచయితలును మనకు మిక్కిలి అవసరము.

ఇక మొదటి ప్రశ్నకు వత్తము. ఆ యువకులు గ్రంథాలయమునకు వచ్చునది పుస్తకమునకు మాత్రమే కాదు. ఇరుకు గదిలో లేని నిశ్శబ్దమునకు, దీపమునకు, ఒక కుర్చీకి. ప్రక్కవాడు చదువుచుండగా తానును చదువవలెనను పట్టుదలకు వత్తురు. సందేహము కలిగినచో అడుగుటకు ఒక తోడు దొరకును. వీనిని ఏ ఫోనును ఈయజాలదు.

కాబట్టి నూతన యంత్రములు వచ్చినవి గనుక గ్రంథాలయములును గురువులును అక్కఱలేదనుట పొరపాటు. ద్వారము తెఱచుట సగము పని. లోపల కూర్చుండ చోటు చూపుట తక్కిన సగము. మీరు పెద్దవారై విద్య గడించినపుడు, మీరు వ్రాసినదానిని అందఱికిని అందునట్లు, వీలైనచో తెలుగున, ఉంచుడు. మీ వీథిలో ఒక చదువుగది నిలుచునట్లు చూడుడు. మీ వెనుక వచ్చువారికి అంతకు మించిన మేలు లేదు.